ఎవరి గ్లాసు ఎక్కడుంది?





మా అమ్మాయికి మొదటి జీతం వచ్చింది. "నాయనమ్మకు పెద్ద హోటల్‌లో టీ తాగిపిస్తా" అన్నది. మా బాటసింగారం చుట్టుపక్కల విజయవాడ హైవే మీద రిసార్టులకు తక్కువ లేదు. ఒక ఆదివారం నలుగురం పోయినం. పచ్చగడ్డి, చెట్ల నీడ, తెల్లగుడ్డ పరిచిన బల్ల. మూడంతస్తుల పళ్లెంలో కేకులు, బిస్కెట్లు. పింగాణీ కప్పుల్లో టీ.

మా అమ్మకు డెబ్బై దాటినయి. పండ్ల మార్కెట్ గడ్డిఅన్నారంలో ఉన్నప్పుడు అక్కడ ఏండ్ల తరబడి బత్తాయిలు ఏరింది. ఇప్పుడు మార్కెట్టే మా ఊరికి వచ్చింది కానీ, ఆమె మోకాళ్లు సహకరించడం లేదు.

అమ్మ టీ తాగింది. కొంగుతో మూతి తుడుచుకుంది. కప్పు చేత పట్టుకుని లేచింది.

"ఎక్కడికమ్మా?"

"కడిగి పెట్టొద్దా బిడ్డా? నల్లా ఎటు దిక్కుంది?"

మీలో పెద్దవాళ్లకు ఇది విడమరచి చెప్పనక్కర లేదు. పిల్లల కోసం చెబుతున్నాను. అమ్మ చిన్నప్పుడు ఊరి హోటల్‌లో మనవాళ్ల గ్లాసు బయట చూరులో ఉండేది. అది తీసుకుని, కడుక్కుని, ముందుకు చాపితే పైనుంచి టీ పోసేవాళ్లు. తాగాక మళ్లీ కడిగి చూరులోనే పెట్టాలి. రెండు గ్లాసుల పద్ధతి అంటే అదే.

ఒక్క నిజం ఒప్పుకోవాలి. అప్పుడు నాకు ముందుగా వచ్చింది దుఃఖం కాదు, సిగ్గు. "కూసో అమ్మా, అందరు చూస్తున్నరు" అన్నాను. మా అమ్మాయే లేచి నాయనమ్మ చేయి పట్టుకుని కూర్చోబెట్టింది.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అమ్మ నెమ్మదిగా అన్నది: "మనింట్ల పనికొచ్చే పిల్ల గ్లాసు గూడ కిటికీలనే ఉంటది గద బిడ్డా. రోజు చూస్తనే ఉన్న. నీతోని అనలే."

నా నోట మాట రాలేదు. గోడ మీద బాబాసాహెబ్ పటం, బల్ల మీద బుద్ధుడి విగ్రహం, కిటికీలో విడి గ్లాసు! ఆమెది ఏ కులమో నేను ఎన్నడూ అడగలేదు, అదే నా గొప్ప అనుకున్నాను. "శుభ్రత కోసం" అని సర్దిచెప్పుకున్నాను. ఊరి హోటల్ యజమానిని అడిగితే అతనూ ఆ మాటే చెప్పేవాడు కదా!

బంధువులారా, బౌద్ధులు అంత ఖరీదైన చోట టీ తాగవచ్చునా అని కొందరు అడుగుతారు. అనాథపిండికుడికి బుద్ధుడు గృహస్థుని సుఖాలు నాలుగు చెప్పాడు. న్యాయంగా సంపాదించిన సొమ్ము ఉండటం ఒకటి. దాన్ని అనుభవించడం, దానితో మంచిపనులు చేయడం రెండు. అప్పు లేకపోవడం మూడు. మాటలో, చేతలో, మనసులో తప్పు లేకుండా బతకడం నాలుగు. మొదటి మూడూ కలిసినా నాలుగోదానిలో పదహారో వంతుకు సరిరావు అన్నాడు. మా అమ్మాయి టీ ఇప్పించడం మొదటి మూడింటికీ సరిపోయింది. నేను తప్పింది నాలుగో దగ్గర.

మనకు దగ్గరలోనే ఇంకో సాక్ష్యం ఉంది. దిల్‌సుఖ్‌నగర్ పక్కన చైతన్యపురిలో, మూసీ ఒడ్డున, బండ మీద ప్రాకృతంలో ఒక శాసనం ఉంది. విష్ణుకుండిన రాజుల కాలం నాటిది, సుమారు 1500 ఏళ్ల కిందటిది. అందులో గోవిందరాజ విహారం పేరు, పిండపాతిక భిక్షువుల ప్రస్తావన ఉన్నాయి. పిండపాతికులు అంటే భిక్షాపాత్రలో పడిందే తినేవాళ్లు. ఇల్లు విడిచిపెట్టకుండా వరుసగా ఇంటింటి ముందూ నిలబడటం భిక్షువుల నియమం. ఏ ఇంటి అన్నమైనా ఒకే పాత్రలో కలిసిపోవాలి. రోజూ మనం బస్సుల్లో దాటే చోట, ఒక్క పాత్రతో బతికినవాళ్ల గుర్తు అది.

ఆనందుడు బావి దగ్గర ప్రకృతి అనే చండాల యువతిని నీళ్లు అడిగాడు. తాను అంటరానిదాన్నని ఆమె వెనకాడింది. నేను అడిగింది నీళ్లు, నీ కులం కాదు అన్నాడాయన. ఆ దారిలోనే 1927 మార్చి 20న మహాడ్‌లో బాబాసాహెబ్ చవదార్ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగాడు. ఆ చెరువు అందరిదీ అని పురపాలక సంఘం అంతకు ముందే తీర్మానించింది. తీర్మానం కాగితం మీద ఉంది, అడ్డు మనుషుల అలవాటులో ఉంది. తర్వాత రాజ్యాంగం 15వ అధికరణంలో హోటళ్లలోకి అందరికీ ప్రవేశం, 17వ అధికరణంలో అంటరానితనం రద్దు వచ్చాయి. మా అమ్మ ఆ కుర్చీలో కూర్చున్నది ఆ హక్కుతోనే. అయితే మన వంటింటి కిటికీలోకి పోలీసు వచ్చి చూడడు. అక్కడ చూడాల్సింది మన శీలమే.

పనివాళ్ల సంగతి ఒక్కటే కాదు. మాల ఇంట్లో మాదిగ, మాదిగ ఇంట్లో డక్కలి ఏ గ్లాసులో తాగుతున్నారు? గుండె మీద చేయి వేసుకుని చెప్పండి. దీక్ష తీసుకున్నాక కూడా లోపల మెట్లు మిగిలితే, మనం వదిలింది పేరును మాత్రమే.

ఆ రాత్రి కిటికీలోని గ్లాసును మేము పారేయలేదు. కడిగి మిగతా గ్లాసుల్లో కలిపేశాం. ఇప్పుడు అది ఏదో నాకే తెలియదు. మర్నాడు ఆ అమ్మాయికి బల్ల దగ్గర కుర్చీ వేసి టీ ఇచ్చాం. ఆమె కూర్చోలేదు, నిలబడే తాగింది. తాగి గ్లాసు కడగబోతే మా అమ్మ ఆపింది. "ఉండనియ్ బిడ్డా, నా గ్లాసుతోటి అది గూడ కడుగుత" అన్నది. నాలుగో రోజు కూర్చుంది.

వచ్చే పున్నమికి వందనం చేసే ముందు ఒక్కసారి మీ వంటింట్లోకి వెళ్లి చూడండి. ఎవరి గ్లాసు ఎక్కడుంది?

భవతు సబ్బ మంగళం. జై భీమ్!