సభాగృహమును పూర్తధర్మమును

ఒక చిన్న పట్టణము తన నడిబొడ్డున మహాసభామందిరమును నిర్మించుకొనవలెనని సంకల్పించినప్పుడు, ఇంజనీర్లును, బ్యాంకులవారును, పన్నుల లెక్కలు కట్టువారును మొట్టమొదట వేయు ప్రశ్న దానివలన రాబడి యెంత యనునది. ధర్మవిచారము చేయువాడు అంతకంటె ముందుగ వేయవలసిన ప్రశ్న మఱియొకటి కలదు: ఈ సభ యెవరిది? అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రమున లాంకాస్టరు అను పట్టణమున ఈ ప్రశ్న కేవల తర్కముగ నుండక, త్రవ్విన నేలలోనుండి తానే పైకి వచ్చినది.

ఆ యూరి జనసంఖ్య 60 వేలకు ఇంచుమించు. దాని నడుమ పెన్ స్క్వేరను కూడలి యున్నది. స్వాతంత్ర్యయుద్ధకాలమున ఫిలడెల్ఫియాను విడిచి తరలిపోవుచున్న కాంగ్రెసు సభ్యులు 1777 సెప్టెంబరు 27వ తేదీని ఆ కూడలియందలి న్యాయస్థానభవనమున సమావేశమై, ఆ యొక్క దినము ఆ యూరిని దేశమునకు రాజధానిని చేసిరి. తరువాతి కాలమున అచ్చట వెలసిన వాట్ అండ్ షాండ్ అను పెద్ద వస్త్రాది వస్తువుల దుకాణము 1995లో మూతపడగా, నడియూరు పాడువడునన్న భయముతో పురప్రముఖులు ఆ స్థలమున హోటలుతో గూడిన సభామందిరమును తలపెట్టిరి. 1999లో బస గదులపై పన్ను విధింపబడెను. హోటళ్ల యజమానులు కొందఱు న్యాయస్థానమున కెక్కిరి. వాదోపవాదములు పదేండ్లు సాగెను. 17 కోట్ల డాలర్లకు పైబడిన వ్యయముతో, పాత దుకాణపు ముఖభాగమును నిలుపుకొని, 2009లో ఆ మందిరము తెఱువబడెను. సభలకు వచ్చు జనము పెరుగకున్నను పట్టణములు పోటీపడి ఇట్టి మందిరములను కట్టుచున్నవని హేవుడ్ శాండర్సు అను ఆచార్యుడు 2005లోనే హెచ్చరించి యుండెను. ఆ లెక్కలలోనికి నేను దిగను. లాభము వచ్చిన మాత్రమున ధర్మము నెరవేఱదు, నష్టము వచ్చిన మాత్రమున చెడదు.

మన ధర్మశాస్త్రములు పుణ్యకర్మలను ఇష్టము, పూర్తము అని రెండుగ విభజించినవి. యజ్ఞాదులు ఇష్టము, బావులు, చెఱువులు, దేవాలయములు, తోటలు, అన్నదానము పూర్తము. యజ్ఞమునకు అధికారము లేదని త్రోసివేయబడిన శూద్రునకు సైతము పూర్తమునందు అధికారము కలదని స్మృతులు అంగీకరించినవి. చెఱువు త్రవ్వించినవాడు తుదకు ఉత్సర్గమను కర్మ నాచరించి, ఆ జలమును సర్వభూతములకు విడిచిపెట్టును. విడిచిన పిమ్మట ఆ నీటిపై అతనికి గల హక్కును, దారిన పోవు పశువునకు గల హక్కును ఒక్కటియే. కట్టుట పూర్తము కాదు, కట్టినదానిని విడుచుట పూర్తము. ఈ ధర్మమును మనము సరిగా పాటించితిమని చెప్పజాలను. సర్వభూతములకు విడిచితిమన్న నీటి గట్టుననే సాటి మనుష్యులను నిలిపివేసితిమి. 1927 మార్చి 20వ తేదీని మహాద్‌లో అంబేద్కరు చెఱువునీటిని దోసిటబట్టి త్రాగుటయే ఒక మహాసంగ్రామము కావలసివచ్చెను. అయినను ఆచరణలోని కల్మషము ఆదర్శమును అబద్ధము చేయదు. మనలను నిలదీయుటకు ఆదర్శము అట్లే నిలిచియున్నది.

లాంకాస్టరు మందిరమునకు ఎంచుకొన్న స్థలముననే థాడియస్ స్టీవెన్సు అను న్యాయవాది నివసించిన యిల్లు ఉండెను. బానిసత్వమును నిర్మూలింప జీవితమంతయు పోరాడిన శాసనసభ్యుడాయన. 1851లో అదే మండలమందలి క్రిస్టియానా గ్రామమున, పాఱివచ్చిన బానిసలను పట్టుకొన వచ్చిన యజమానిని నల్లజాతివారు ఎదిరింపగా, రాజద్రోహాభియోగమునకు గుఱియైనవారి పక్షమున నిలిచిన న్యాయవాదులలో ఆయన యొకడు. ఆయన గృహమును నిర్వహించిన లిడియా హామిల్టన్ స్మిత్ మిశ్రవర్ణసంజాత. సొంత ఆస్తులు గడించిన ఘటికురాలు. ఆయన మరణానంతరము ఆ యింటిని తానే కొన్నది. నిర్మాణమునకు ముందు 2002 ప్రాంతమున పురావస్తుశాస్త్రజ్ఞులు పెరటిలో త్రవ్వగా ఇటుకలతో కట్టిన నేలతొట్టి యొకటి బయటపడినది. అది వాననీటికై కట్టినది. కాని దాని గోడ నొకచోట తొలిచి, పక్కనున్న పానశాల నేలమాళిగవైపునకు దారి చేసిరి. నీరు నిలువవలసిన తొట్టికి గోడ తొలుచుట యేల? పాఱివచ్చిన బానిసలు అందులో తలదాచుకొని యుందురని పండితులు ఊహించిరి. పరిరక్షణము కోరినవారు పట్టుబట్టగా స్టీవెన్సు, స్మిత్‌ల యిండ్ల వీథిముఖములును ఆ తొట్టియును మందిరముతోబాటు నిలిచినవి.

సభాపర్వమున రెండు సభలు కలవు. మయుడు కట్టినది కన్నులు మిఱుమిట్లుగొలుపునట్టిది. ఖాండవవనము దానియందలి జీవులతో దగ్ధమైన పిమ్మట లభించిన కానుక అది. రెండవది హస్తినాపురమందలిది; అచ్చట ద్రౌపది వేసిన ప్రశ్న తాను దాసి యైనదా, కాదా యనునది. భీష్మాదులుండియు ఆ సభ ప్రత్యుత్తర మీయలేకపోయెను. అందు పీఠము లేని వ్యక్తి నోట వచ్చిన ధర్మప్రశ్నకు మాఱు పలుకలేని సభ ఎంత సుందరమైనను సభ కాదు. పండితుల ఊహ నిజమైనచో, ఇటుకతొట్టిలో ఊపిరి బిగబట్టి కూర్చున్నవారి ప్రశ్నయు ద్రౌపది ప్రశ్నయే. వారిని దాచిన నేలపై ఇప్పుడు గదుల అద్దె చెల్లించి, మెడలో పేరుచీటి తగిలించుకొని వచ్చువారు సమావేశమగుచున్నారు. వర్తకులు తమ వ్యాపారమును గూర్చి చర్చించుకొనుట దోషమని నేననను. అయితే కూడలి పౌరులదనియు, చరిత్ర అందఱిదనియు చెప్పి నిధులు సేకరించినపుడు ద్వారమును గూర్చి అడుగు హక్కు పౌరులకు కలుగును.

స్టీవెన్సు 1868లో మరణించెను. పట్టణమందలి పెద్ద శ్మశానవాటికలు జాతినిబట్టి శవములను నిరాకరించుచుండినందున, అందఱిని చేర్చుకొను చిన్న వాటికయందు తన సమాధికి స్థలమును ఎంచుకొని, సృష్టికర్త యెదుట మానవులెల్లరు సములను తన విశ్వాసమే ఆ యెంపికకు కారణమని సమాధిఫలకమున చెక్కించుకొనెను. ఇంతటివాని యిల్లు ఒక ప్రక్క గోడగ గల మందిరము, సంవత్సరమున కొన్ని దినములైనను అద్దె లేకుండ, ఆహ్వానపత్రిక లేకుండ, ఊరి కూలివాడును, కొత్తగ వలసవచ్చినవాడును తమ బాధను పదిమందిలో చెప్పుకొనుటకు విడిచిపెట్టబడవలెను. ఇట్టి మందిరమును కట్టదలచిన యే పట్టణమైనను ఆ దినముల సంఖ్యను పునాది వేయుటకు పూర్వమే, గదుల పన్నుతోబాటు, శాసనమున వ్రాయవలెను.