కన్నది చెప్పిన చాలునా?

కన్నది కన్నట్లు చెప్పినంత మాత్రమున సత్యవంతుడగునా? అమెరికాలో క్రెయిగ్ బెనెట్, ఆయన సహచరులు 2009లో ప్రకటించిన ప్రయోగము ఇచట స్మరణీయము. వారు మృతమైన సాల్మన్ చేపను ఎం.ఆర్.ఐ. యంత్రమునందుంచి, మనుష్యుల చిత్రములు చూపి, వారి మనోభావమేమని ప్రశ్నించిరి. లెక్క కట్టగా ఆ చచ్చిన మెదడునందును స్పందన గోచరించెను!

యంత్రము బొంకలేదు. మెదడు చిత్రమును వేలకొలది గళ్లుగా విభజించి, ప్రతి గడిని విడిగా పరీక్షించినచో, కొన్ని కాకతాళీయముగనే వెలుగును. పరీక్షలెన్నియో గణనలో చేర్చి సవరింపగా ఆ వెలుగు మాయమయ్యెను.

కావున ఏమి వెదకవలెనో, ఏది సాక్ష్యమగునో ముందే నిశ్చయించుకొనుట పరిశోధకుని ధర్మము. వెదకిన తావులను దాచి, దొరికినది మాత్రమే చెప్పువాడు ఒక్క అబద్ధమాడకయే లోకమును వంచించును. పాఠకులారా! ఎన్నిచోట్ల వెదకితిమో చెప్పుటయు సత్యములోని భాగమే.