అడ్డం పెట్టిన ఇనుప ముక్క

ఇంగ్లండులోని లివర్‌పూల్‌లో పాత బొమ్మరైళ్ళు కూడబెట్టే మనిషి ఒకడుండేవాడు. దొరికిన రైలల్లా కొనేవాడు కాదు, హార్న్‌బీ డబ్లో రైళ్ళే కావాలి. అవి ఆ ఊళ్ళోనే, బిన్స్ రోడ్డులోని మెకానో ఫ్యాక్టరీలో పుట్టాయి. మొదటి సెట్లు 1938లో బజారుకొచ్చాయి. కంపెనీ పెట్టిన ఫ్రాంక్ హార్న్‌బీ అప్పటికే, 1936లో, కన్నుమూశాడు. పేరు ఆయనది, చూసే యోగం మాత్రం లేకపోయింది.

రేకు మీద బిగించిన మూడు పట్టాలు, బయటి రెంటి మధ్య ఎడం 16.5 మిల్లీమీటర్లు. నడిమి పట్టాలోకి 12 వోల్టుల కరెంటు వస్తుంది. ఇంజను అడుగున ఒక లోహపు ముక్క ఆ పట్టాను రాసుకుంటూ పోయి కరెంటు అందుకుంటుంది. అది మోటారు తిప్పి, చక్రాల గుండా బయటి పట్టాల్లోకి దిగి, వచ్చిన చోటికే వెళ్ళిపోతుంది. మోటారులో ఉండేవి ముఖ్యంగా రెండే: కదలని అయస్కాంతం, దాని కొసల మధ్య తిరిగే తీగచుట్ట. ఆ తీగచుట్టను ఆర్మేచర్ అంటారు.

మనవాడి దగ్గర ‘డచెస్ ఆఫ్ అథాల్’ ఇంజన్లు రెండుండేవి. ముదురెరుపు రంగు, యుద్ధం ముగిశాక తొలిరోజుల్లో తయారైనవి, గుర్రపునాడా ఆకారపు అయస్కాంతం ఉన్నవి. రెండూ చక్కగా నడిచేవి. ఒకనాడు వేలంలో మూడోది దొరికింది. అట్టపెట్టెతో సహా దొరికింది కాబట్టి ఎక్కువే పెట్టి కొన్నాడు. (ఈ లోకంలో ఖాళీ పెట్టెకు కూడా బేరాలు సాగుతాయి. అదేం పిచ్చో నాకు ఇప్పటికీ అర్థం కాదు.) ఇంటికి తెచ్చి పట్టాల మీద పెట్టాడు. కదల్లేదు. మీట పూర్తిగా తిప్పినా కదల్లేదు.

పాత ఇంజన్లలో అయస్కాంతం బలం తగ్గిపోతుందని ఎక్కడో చదివి ఉన్నాడు. రోగం తేలిపోయింది అనుకున్నాడు. మరలు విప్పి, ఆర్మేచర్ లాగి బల్ల మీద పెట్టాడు. చూస్తే అంతా బాగానే ఉన్నట్టుంది. మరి బాగున్న ఇంజను లోపల ఎలా ఉంటుందో పోల్చి చూడాలి కదా? రెండోదీ విప్పాడు. అనుమానం తీరక మూడోదీ విప్పాడు. అర్ధరాత్రి అయ్యేసరికి బల్ల మీద మూడు అయస్కాంతాలు, మూడు ఆర్మేచర్లు వరసగా ఉన్నాయి. దేనికది శుభ్రంగా గుడ్డ మీద పెట్టి, తృప్తిగా నిద్రపోయాడు.

పొద్దున్నే దేనిది దానికే బిగించాడు. ఒక్క మర కూడా మిగల్లేదు, అంత జాగ్రత్తగలవాడు. తీరా చూస్తే కొత్తది ఎప్పటిలాగే మొండికేసింది. నిన్నటిదాకా మూడు పెట్టెలు లాగిన పాతవి రెండూ ఒంటరిగా వదిలితే గిరగిరా పరుగెత్తాయి, పెట్టెలు తగిలిస్తే చతికిలబడ్డాయి. చెయ్యి పెడితే కాలేంత వేడి.

అదే వీధిలో ఒక ముసలావిడ ఉండేది. పడుచుతనంలో బిన్స్ రోడ్డులో మోటార్లు బిగించే బల్ల దగ్గర పనిచేసింది. 1964లో కంపెనీని లైన్స్ బ్రదర్స్ కొనుక్కోవడమూ చూసింది, 1979లో ఫ్యాక్టరీ తలుపులు మూతబడటమూ చూసింది. మూడు ఇంజన్లూ పట్టుకుని ఆవిడ దగ్గరికి పోయాడు.

“పట్టాలు తుడిచావా, నాయనా?” అంది మొదటే.

“లేదమ్మా. జబ్బు ఇంజనులో ఉంటే పట్టాలెందుకు?”

“పోనీ, అడుగున కరెంటు అందుకునే ముక్క?”

“లేదు. అయస్కాంతం చచ్చిపోయిందని...”

“అయస్కాంతం నీరసిస్తే ఇంజను ఆగదు. ఉత్తినే వేగంగా తిరుగుతుంది, కరెంటు ఎక్కువ తాగుతుంది, వేడెక్కుతుంది, బరువు లాగలేదు. ఇప్పుడు నీ పాతవి రెండూ చేస్తున్నది అదే. కొత్తది ఊరికే కూర్చుంది. దానికి తిండి అందడం లేదన్నమాట.”

కొత్త ఇంజను బోర్లించింది. స్పిరిట్లో తడిపిన దూదితో అడుగు ముక్కను రుద్దితే దూది నల్లగా వచ్చింది. ఇరుసుల దగ్గర ఏళ్ళనాటి నూనె బంకలా గట్టిపడి ఉంది; దాన్ని కరిగించి తుడిచి, సూదిమొనతో తలా ఒక చుక్క కొత్త నూనె వేసింది. కార్బన్ బ్రష్‌లు ఒరుసుకునే రాగి బిళ్ళల మధ్య సందుల్లో మసి పేరుకుంటే, మొన చెక్కిన పుల్లతో గీకేసింది. ఒక్క మరా విప్పలేదు. పట్టాల మీద పెట్టి మీట తిప్పితే ఇంజను కదిలింది. కదిలింది గానీ ఇదీ మిగతా రెంటిలాగే పరుగెత్తి, వేడెక్కింది.

“నిన్న ఈ పనే చేసుంటే నీ దగ్గర మూడు మంచి ఇంజన్లుండేవి” అంది.

“ఒక్క రాత్రి బయట పెట్టినందుకేనా?”

“రాత్రితో పనిలేదు. ఊడలాగావే, ఆ క్షణంలోనే పోయింది. గుర్రపునాడా అయస్కాంతం కొసల మధ్య ఇనుము ఉన్నంతసేపూ దాని బలం చుట్టూ తిరిగి దాన్నే చేరుతుంది. మధ్యలోది తీసేస్తే దాని బలం దానికే ఎదురు తిరిగి, కొంత పోతుంది. ఆర్మేచర్ తిరిగి పెట్టినంత మాత్రాన అది రాదు.”

“మరి లోపల చూడాల్సి వస్తే ఎలాగమ్మా?”

సొరుగులోంచి ఒక చిన్న ఇనుప ముక్క తీసింది ముసలావిడ. ముందు దాన్ని అయస్కాంతం కొసలకు అడ్డంగా ఆనించి, ఆ తర్వాతే ఆర్మేచర్ బయటికి తీసి చూపించింది. తిరిగి పెట్టాక ముక్కను తీసేసింది. ఇలా అడ్డం పెట్టే ముక్కను కీపర్ అంటారు.

మూడు ఇంజన్లనూ అయస్కాంతాలకు బలం పోసేవాడి దగ్గరికి తీసుకెళ్ళాల్సి వచ్చింది. లావుపాటి తీగచుట్టలో రెప్పపాటుసేపు పెద్ద కరెంటు వదిలితే పోయిన బలం తిరిగొస్తుంది. ఖర్చు మాత్రం మూడింతలైంది.

నీతి

“ఊరికే చూద్దామని విప్పాను” అనే మాట చెల్లదు. విప్పడమూ ఒక పనే. దాని ఫలితం దానికుంటుంది.

ఈ కథ విని, అయితే దేన్నీ ముట్టుకోకూడదన్నమాట అనుకునేవాళ్ళుంటారు. వాళ్ళకో సంగతి చెప్పాలి. యుద్ధానికి ముందు జింకు మిశ్రమంతో పోతపోసిన బొమ్మల్లో కొన్నిటిలో సీసం కలిసింది. అవి పెట్టెలో, దూది మీద, ఎవరూ తాకకుండానే ఉబ్బి, బీటలువారి, పొడి అయిపోయాయి. కదపకపోవడం కూడా కాపాడదు. ముసలావిడ అన్నదీ అది కాదు. బయటి నుంచి లోపలికి రమ్మంది, తీసే ముందు అడ్డు పెట్టమంది.

మన ఇళ్ళలో ఇలా అడ్డు పెట్టకుండా ఊడలాగడం నేను ఎక్కువగా చూసేది తండ్రి పోయిన తర్వాత. తల్లిని ఊరి నుంచి హైదరాబాదు తెస్తారు. ప్రేమతోనే తెస్తారు, అందులో అనుమానం లేదు. పరీక్షలు చేయిస్తారు. ఈలోగా ఊళ్ళో గేదెను అమ్మేస్తారు, ఇంటికి తాళం వేస్తారు. రెండు నెలలకు ఆవిడ సోఫాలో కూర్చుని, అడిగిన దానికి మాత్రమే బదులిస్తూ ఉంటుంది. నీరసం అని మాత్రలు తెస్తారు. తగ్గకపోతే తిరిగి ఊళ్ళో దింపుతారు. అక్కడ గేదె లేదు.

తీసుకురావద్దని కాదు. జబ్బు చేస్తే తేక తప్పదు. కానీ గేదె బేరం మాత్రం ఆవిడ నోటితో సరేననేదాకా ఆపొచ్చు. ఇంటి తాళంచెవి ఆవిడ కొంగునే ఉండనివ్వొచ్చు. పాలేరుతో రోజూ పొద్దున ఫోనులో మాట్లాడే పని కొడుకు తన నెత్తిన వేసుకోకుండా, గేదె ఎన్ని పాలిచ్చిందో ఆవిడనే కనుక్కోనివ్వొచ్చు.