పులుసులో బెల్లం

పులుసు రుచి చూసి బాగుందనడం వేరు, అందులో బెల్లం ముక్క ఎందుకు పడిందో చెప్పడం వేరు. అమెరికా ఉన్నత పాఠశాలల్లో, కళాశాల స్థాయి ఇంగ్లీషును ముందుగానే చదివించే తరగతుల్లో, విద్యార్థులు గడియారం పెట్టుకుని సుమారు 40 నిమిషాల్లో రాసే ‘రెటారికల్ అనాలిసిస్’, అనగా వక్త శ్రోతలను ఒప్పించడానికి మాటలను ఎట్లా ఎంచి కూర్చాడో విప్పి చూపే వ్యాసం, ఈ రెండో పనినే కోరుతుంది.

ఉదాహరణకు, 1863లో గెటిస్‌బర్గ్ యుద్ధభూమిలో, సైనికుల శ్మశానవాటిక అంకితం చేసే సభలో మాట్లాడిన అమెరికా అధ్యక్షుడు లింకన్, ఎనభై ఏడేళ్ల కిందట అని నేరుగా అనక, ఆ సంఖ్యను బైబిలు ధోరణిలో ఇరవైల లెక్కన పలికాడు; ఆ లెక్క వినేవారిని రాజ్యాంగం దగ్గర ఆపక, మనుషులందరూ సమానులని చాటిన 1776 నాటి స్వాతంత్ర్య ప్రకటన వరకు తీసుకుపోయింది. బెల్లం పడింది అక్కడే.

కంగారుపడే విద్యార్థి ప్రసంగ సారాంశాన్నే తిరగరాస్తాడు, లేకుంటే అలంకారాల పేర్లు పేరుస్తాడు. అది పులుసు బాగుందనడమే. సాధన ఉన్నవాడు తొలి నిమిషాల్లో ఏమీ రాయక, వక్త ఎవరితో, ఏ సందర్భంలో, ఎందుకలా అన్నాడని మార్జిన్లలో గుర్తులు పెట్టుకుంటూ, చుట్టూ కలాల చప్పుడు మొదలైనా, ఇంకా చదువుతూనే ఉంటాడు.