చనిపోయినవారి నోట మన మాట

చదువవలసిన వాక్యభాగములు: యోబు 13:1–12, లూకా 16:19–31, అపొస్తలుల కార్యములు 17:16–34



కొన్ని సంవత్సరముల క్రిందట క్రిస్మసు పండుగకు మా యౌవనస్థుల కొరకు మేమొక చిన్న సంవాదము వ్రాసితిమి. అందులో అపొస్తలుడైన పౌలును, ఆచార్య నాగార్జునుడును కృష్ణానది ఒడ్డున కలిసికొందురు. పౌలు మూడు మాటలు చెప్పగానే నాగార్జునుడు తల వంచి, తాను ఓడితినని ఒప్పుకొనును. పిల్లలు చక్కగా అప్పజెప్పిరి. సంఘమంతయు చప్పట్లు కొట్టెను. మాకును సంతోషమాయెను.

ఆ రాత్రి మన సంఘమునకు చెందని ముసలితాత ఒకడు వెనుక నిలువబడి అంతయు చూచెను. అందరును వెళ్లిన పిమ్మట దగ్గరకు వచ్చి ఇట్లనెను: “అయ్యగారూ, ఆయనను మీరే పిలిచిండ్రు, మీరే మాట్లాడిచ్చిండ్రు, మీరే ఓడగొట్టిండ్రు. ఆయనకు మాట్లాడే వంతు ఎప్పుడు వచ్చింది?”

ఆ మాటకు మా యొద్ద జవాబు లేకపోయెను. నాటినుండి ఈ ప్రశ్న మమ్మును వెంబడించుచున్నది. గొప్పవారిని మన ఊహలో కూర్చుండబెట్టి మాటలాడించుట తప్పా? తప్పు కానియెడల, ఏ హద్దులో చేయవలెను?

ఇట్టి సంవాదములు వ్రాయుట లోకములో క్రొత్త పని కాదు. గ్రీకు దేశపు జ్ఞాని సోక్రటీసు క్రీ.పూ. 399లో విషము త్రాగి మరణించెను. ఆయన తన బోధను గ్రంథముగా వ్రాసిపెట్టలేదు. శిష్యుడైన ప్లేటో గురువును మాటలాడించుచు అనేక సంవాదములు వ్రాసెను. అయితే గురువు చనిపోయిన దినమును గూర్చి వ్రాసినప్పుడు, ఆ దినమున ప్లేటో జబ్బుగానుండి అక్కడ లేడనియు అందులోనే చెప్పించెను. తాను చెవులార వినని మాటలను విన్నట్లు నటింపలేదు. ఇది మెచ్చదగిన సంగతి.

మన తెలుగువారికి భువనవిజయము కలదు. పండితులు వేషములు వేసికొని, శ్రీకృష్ణదేవరాయలుగాను అష్టదిగ్గజములుగాను సభ తీర్చి పద్యములు చదువుదురు. విదేశములలోని తెలుగు సభలలో సహితము దానిని ప్రదర్శించుచున్నారు. రాయలు ఏలినది 1509 మొదలు 1529 వరకు. ఆ ఎనిమిదిమందిలో కొందరు రాయల తరువాతి కాలమువారని చరిత్ర పరిశోధకులు చెప్పుదురు. చూచువారు అది వేషమని యెరిగియే ఆనందించుదురు గనుక అందులో మోసము లేదు.

అట్లయిన మేము చేసినదానిలో తప్పేమి? పొరుగువానిమీద అబద్ధ సాక్ష్యము పలుకకూడదని తొమ్మిదవ ఆజ్ఞ చెప్పుచున్నది. చనిపోయినవాడును మన పొరుగువాడే. బ్రతికియున్న పొరుగువాడైతే, ‘నేనట్లు అనలేదు’ అని మన గుమ్మము ముందర నిలువబడి అడుగగలడు. చనిపోయినవాడు అడుగలేడు. కాబట్టి అతని విషయములో మరి ఎక్కువ భయముతో మాటలాడవలెను.

‘మేము దేవుని పక్షమున మాటలాడితిమి గదా’ అని మేమనుకొంటిమి. యోబు స్నేహితులును అట్లే అనుకొనిరి. దేవుని పక్షమున అన్యాయముగా మాటలాడుదురా అని యోబు వారిని నిలదీసెను. కడపట దేవుడు వారినే గద్దించెను. సత్యస్వరూపియైన దేవునికి మన అబద్ధముతో పనిలేదు.

ఇప్పుడు నాగార్జునుని సంగతి. ఆయన సుమారు క్రీ.శ. రెండవ శతాబ్దమువాడు. మన నల్లగొండ సరిహద్దున కృష్ణానది లోయలోనున్న నాగార్జునకొండ పేరు ఆయనదేయని పరంపరగా చెప్పుదురు. సాగరు ఆనకట్టకు 1955లో పునాది వేసిరి. లోయ నీట మునుగకముందు త్రవ్వి తీసిన బౌద్ధ శిల్పములు కొన్ని నేడు నీటి నడుమ నిలిచిన ఆ కొండమీదనే భద్రపరచబడియున్నవి.

ఆయన వ్రాసిన గ్రంథములలో విగ్రహవ్యావర్తని ఒకటి. ప్రతిది మరియొకదానిమీద ఆధారపడినదే గాని తనంతట తాను నిలుచునది ఏదియు లేదని ఆయన బోధ. ఆ బోధను ఎదిరించువారి ఆక్షేపణలను మొదటి 20 శ్లోకములలో ఆయనయే వ్రాసిపెట్టెను. అటుపిమ్మటనే తన జవాబు చెప్పెను. మన దేశపు పండితులు దీనిని పూర్వపక్షమందురు. ఎదుటివాని మాటను వానికంటె చక్కగా చెప్పిన తరువాతనే కాదనుట వారి మర్యాద. తనను ఎదిరించువారికి 20 శ్లోకముల చోటిచ్చిన మనుష్యునికి మేము ఒక్క మంచి మాటైనను ఇయ్యకపోతిమి!

పౌలైనను మేము వ్రాసినట్లు చేసెనా? ఏథెన్సు పట్టణములో ఆయన మొదట తిరిగి చూచెను, వారి బలిపీఠముమీది వ్రాత చదివెను, వారి కవుల మాటను జ్ఞాపకము చేసెను. అప్పుడే తన సువార్త చెప్పెను. విన్నవారిలో కొందరు అపహాస్యము చేసిరి, కొందరు మరల విందుమనిరి, కొందరు నమ్మిరి. ఈ మూడును లూకా దాచక వ్రాసెను.

అందుచేత ఆ సంవాదమును తిరిగి వ్రాసితిమి. ఇప్పుడు నాగార్జునుడు అడుగును: “మట్టి లేక కుండ లేదు, కుమ్మరి లేక కుండ లేదు. మరి దేనిమీదను ఆధారపడనివాడు ఒకడున్నాడని నీవెట్లు చెప్పుదువు?” పౌలు చెప్పును: “నా సొంత నీతి తనంతట నిలుచునని నమ్మి నేను పడిపోయితిని. నేను తర్కముచేత ఆయనను కనుగొనలేదు. దమస్కు మార్గములో ఆయనే నన్ను పట్టుకొనెను.” నాగార్జునుడు మరల అడుగును: “అది నీకు జరిగినది. నాకెట్లు రుజువగును?” పౌలు కొంతసేపు ఊరకుండును. “నా జీవితమును చూడుము” అనును. ఎవడును ఓడడు.

దీనివలన మన విశ్వాసము తగ్గెనని ఎవరును తలంపవద్దు. మన నిరీక్షణకు హేతువు అడుగువారికి సాత్వికముతో జవాబు చెప్పుమని పేతురు నేర్పెను. అడుగువాని నోరు మూయుమని నేర్పలేదు.

అయినను ఇంతటితో మా తప్పు తీరలేదు. పౌలునకు వంతు వచ్చెను, నాగార్జునునకు వంతు వచ్చెను. ప్రశ్న అడిగిన తాతకు మా సంవాదములో వంతు ఎక్కడ? గొప్పవారి సభలన్నిటిలో ఈ లోపము కలదు. రాజు మాటలాడును, కవి మాటలాడును, జ్ఞాని మాటలాడును. సభకు దీపము పట్టినవాడు మాటలాడడు. పాలమూరు సీమవారైన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ లోపము గుర్తించి, రాజుల యుద్ధములు ప్రక్కనబెట్టి, జనుల తిండి, బట్ట, ఆటలు, ఆచారములను గూర్చి ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ వ్రాసిరి. అది 1949లో వెలువడెను. కేంద్ర సాహిత్య అకాడమీ తెలుగునకు ఇచ్చిన మొదటి బహుమానము, ఆయన మరణించిన తరువాత 1955లో, ఈ గ్రంథమునకే వచ్చెను.

మన ప్రభువు చెప్పిన ధనవంతుని కథ చూడుడి. చనిపోయినవారి నడుమ జరిగిన సంభాషణ అది. ధనవంతుడు మాటలాడును, అబ్రాహాము మాటలాడును. లాజరు ఒక్క మాటయు పలుకడు. ధనవంతుడు యాతనలో సహితము లాజరును పంపుమని అబ్రాహామును అడుగును గాని లాజరుతో మాటలాడడు. బ్రతికినన్నాళ్లు తన వాకిట పడియున్నవానిని పలుకరింపని నోటికి అక్కడను పలుకరింపు రాలేదు. అయితే ప్రభువు ఆ కథలో ధనవంతునికి పేరు పెట్టలేదు. దరిద్రునికే పేరు పెట్టెను.

మన నల్లగొండ సీమలో పలుకరించిన దినమొకటి కలదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావేగారు పోచంపల్లికి నడిచి వచ్చిరి. భూమికొరకు ఈ సీమలో రక్తము ఒలికిన కాలమది. ఆయన హరిజనవాడకు వెళ్లి, మీకేమి కావలెనని అడిగిరి. వారు 80 ఎకరముల భూమి కావలెననిరి. ఇచ్చువారున్నారా అని ఆయన ఊరివారిని అడుగగా, వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తుననిరి. భూదానోద్యమము అట్లు మొదలాయెను. తరువాత దేశమంతట దానపత్రములలో వ్రాసిన భూమి అంతయు పేదలకు చేరలేదు; ఆ మాట దాచకూడదు. అయినను ఆ దినమున వినోబాగారు బీదల నోట తన మాట పెట్టలేదు. అడిగిరి, వినిరి.

ప్రియులారా, సంఘపు కూటములలో ‘మోషే ఉంటే ఇట్లనును, పౌలు ఉంటే అట్లనును’ అని మనము తరచుగా చెప్పుదుము. చెప్పుట మంచిదే. అయితే చెప్పకముందు వారి పుస్తకము తెరచి చదువుదము. ‘మన విధవరాండ్రకు ఇది చాలును, కూలివారు దీనితో తృప్తిపడుదురు’ అనియు చెప్పుదుము. వారు చనిపోయినవారు కారు. చివరి చాపమీద కూర్చుండియున్నారు. వారిని అడుగవచ్చును.

ఆ తాత మరుసటి క్రిస్మసుకు రాలేదు, అప్పటికే కన్నుమూసెను. ఆయన తన దేవుని గూర్చి ఏమి తలంచెనో, మన ప్రభువును గూర్చి ఏమి తలంచెనో మేమెన్నడును అడుగలేదు. ఇప్పుడు ఆయన నోట మాట పెట్టుట మాకు సులభమే, అందుచేతనే పెట్టము.

ప్రార్థన: ప్రభువా, మా నోటికి కావలియుంచుము. చనిపోయినవారిని గూర్చి సత్యము పలుకను, బ్రతికియున్నవారి మాట ఓపికతో వినను మాకు నేర్పుము. మా వాకిటనున్న లాజరును పేరుపెట్టి పిలుచునట్లు మాకు కృప దయచేయుము. ఆమేన్.