రోగి పక్షం అంటే ఎవరి పక్షం?

వైద్యానికి రోగే కేంద్రం కావాలన్న మాట ఇవాళ వైద్య సదస్సుల్లోనూ ఆసుపత్రుల ప్రకటనల్లోనూ విరివిగా వినబడుతున్నది. ఈ మాటతో ఎవరికీ పేచీ లేదు. పేచీ లేని మాటనే ముందుగా నిలదీసి చూడాలి. రోగి కేంద్రమంటే వైద్యుడు నవ్వుతూ పలకరించడమా, పక్క దుప్పట్లు శుభ్రంగా ఉండడమా? లేక వైద్యుడి చేతిలో ఉన్న అధికారంలో కొంత రోగి చేతికి రావడమా? మొదటిది మర్యాద. రెండవది అధికారానికి సంబంధించిన విషయం. మర్యాదను చూపించి అధికారం సంగతి దాటవెయ్యడం మన సమాజంలో కొత్తేమీ కాదు.

నేను వైద్యుణ్ణి కాను. తెలుగు సాహిత్యం పాఠం చెప్పుకునేవాణ్ణి. అయినా ఈ ప్రశ్నను వైద్యులకే వదిలిపెట్టడానికి ఒప్పుకోను. కడుపునొప్పితో వచ్చిన మనిషి నొప్పి ఉందంటే వైద్యుడు కారణం వెతుకుతాడే గాని నొప్పి ఉందన్న మాటను సాధారణంగా కొట్టెయ్యడు. మానసిక రోగి విషయంలో అతని మాటే అనుమానాస్పదం అవుతుంది. అతను కోపగించుకుంటే అది రోగ లక్షణం. మౌనంగా ఉంటే అదీ లక్షణమే. ఇంటికి పంపమని ప్రాధేయపడితే రోగం ఉన్నట్టు గుర్తించలేని స్థితి. ఎవరి మాటకు విలువ ఉన్నది, ఎవరి మాటకు లేదు అన్నది నిర్ణయించే హక్కు ఎవరిదన్న ప్రశ్న వైద్యానిది ఎంతో సాహిత్యానిదీ, రాజకీయాలదీ అంతే.

ఈ ప్రశ్నను జీవితంతో పరీక్షించిన వైద్యుడు ఫ్రాంజ్ ఫానన్. వలస ప్రజల విముక్తిని గురించి రాసిన రచయితగా ఆయన మన పాఠకులకు పరిచితుడు. ఆయన వృత్తిరీత్యా మనోవైద్యుడనీ, ఆ రచనల వెనుక ఆసుపత్రి వార్డులు ఉన్నాయనీ మాత్రం మనం తగినంతగా పట్టించుకోలేదు.

ఫానన్ 1925లో ఫ్రెంచి వలస అయిన మార్టినిక్ ద్వీపంలో పుట్టాడు. రెండవ ప్రపంచయుద్ధంలో ఫాసిజానికి వ్యతిరేకంగా సైన్యంలో చేరి పోరాడాడు. తర్వాత లియోన్‌లో వైద్యం చదివాడు. అతన్ని వైద్యుడిగా తీర్చిదిద్దినది సెయింట్ ఆల్బన్ అనే కొండప్రాంతపు ఆసుపత్రి. అక్కడి ప్రముఖ వైద్యుడు ఫ్రాన్సువా తొస్కెయ్యెస్ స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రాంకోకు వ్యతిరేకంగా నిలిచి, ఓటమి తర్వాత ఫ్రాన్సుకు శరణార్థిగా వచ్చినవాడు. యుద్ధకాలంలో ఫ్రాన్సులోని మానసిక ఆసుపత్రుల్లో 40,000 మందికి పైగా రోగులు ఆకలితో, ఆ ఆకలి తెచ్చిన జబ్బులతో చనిపోయారు. సెయింట్ ఆల్బన్‌లో రోగులూ సిబ్బందీ చుట్టుపక్కల రైతులతో కలిసి పనిచేసి తిండి సంపాదించుకుని చాలావరకు బతికి బయటపడ్డారు. జర్మను సైనికుల కంటబడకుండా తలదాచుకోవలసిన ప్రతిఘటనోద్యమం వారికి కూడా ఆ గోడలే ఆశ్రయమిచ్చాయి. కవి పాల్ ఎలువార్ 1943లో అక్కడే ఉన్నాడు. ఈ అనుభవం నుంచి తొస్కెయ్యెస్ ఒక సూత్రం తీశాడు: రోగికి వైద్యం చేసే ముందు ఆసుపత్రికే వైద్యం చెయ్యాలి. గోడలూ తాళాలూ యూనిఫారాలూ మనిషిని మరింత రోగిని చేస్తుంటే మందు ఒక్కటే ఏమి చెయ్యగలదు?

ఈ పాఠంతో ఫానన్ 1953 నవంబరులో అల్జీరియాలోని బ్లిదా ఆసుపత్రిలో అడుగుపెట్టాడు. అప్పటికి ఆ దేశంలో మనోవైద్యాన్ని ఆంత్వాన్ పోరో నెలకొల్పిన అల్జీర్సు సంప్రదాయం ఏలుతున్నది. అల్జీరియా ముస్లిము పుట్టుకతోనే ఆదిమ స్థితిలో ఉంటాడనీ, హింస అతని మెదడు నిర్మాణంలోనే ఉన్నదనీ ఆ పండితులు శాస్త్రం పేరిట బోధించారు. భూమి పోగొట్టుకున్న మనిషి కోపాన్ని మెదడు లోపంగా నిరూపించగలిగితే భూమి ఎవరు లాక్కున్నారన్న ప్రశ్న అడగనక్కరలేదు కదా!

ఫానన్ చేతికి వచ్చిన రోగుల్లో 165 మంది యూరోపియన్ స్త్రీలు, 220 మంది ముస్లిము పురుషులు. సెయింట్ ఆల్బన్‌లో నేర్చుకున్న పద్ధతులన్నీ ఆయన రెండు చోట్లా ప్రవేశపెట్టాడు: రోగుల సభలు, పండుగలు, పత్రిక, సంగీతం, చేతిపనులు. స్త్రీల వార్డు కొద్దికాలంలోనే మారిపోయింది. పురుషుల వార్డులో అంతా విఫలమైంది. సభలకు పిలిస్తే వచ్చి కూర్చుని మౌనంగా లేచి వెళ్ళారు. పత్రిక వాళ్ళను పలకరించలేదు.

తర్వాత ఫానన్ చేసిన పని ఆయన వైద్యంలో అన్నిటికన్నా గొప్పదని నా అభిప్రాయం. తప్పు రోగులది కాదు, మాది అని ఆయనా, సహచరుడు జాక్ అజూలే 1954లో వైద్య పత్రికలో వ్యాసం రాసి ప్రకటించారు. యూరోపియన్ జీవితం నుంచి పుట్టిన పద్ధతిని మానవులందరికీ చెల్లుతుందనుకుని మేము వీళ్ళ మీద రుద్దాము, చదువు లేని పల్లె మనుషులకు పత్రిక ఏమి చెబుతుంది, అని తమను తామే నిలదీసుకున్నారు. భాష సంగతి మరీ ముఖ్యం. వైద్యుడికి అరబ్బీ రాదు, మధ్యలో దుబాసీ. వలస దేశంలో పేదవాడికి దుబాసీ కనిపించేది కచేరీలో, కోర్టులో. అటువంటివాడి ముందు ఎవడు మనసు విప్పుతాడు? ఆ తర్వాత వార్డులో దేశీయ పద్ధతి కాఫీశాల వెలిసింది. ముస్లిము పండుగలు జరిగాయి. కథలు చెప్పేవాళ్ళు వచ్చారు. మగ్గిపోతున్న వార్డులో మనుషుల గొంతులు వినిపించాయి.

1956లో షార్ల్ జెరోనిమీతో కలిసి రాసిన వ్యాసం ఇదే ఆలోచనకు కొనసాగింపు. బొమ్మలు చూపించి కథ చెప్పమనే ఒక మానసిక పరీక్షను అల్జీరియా స్త్రీలకు పెడితే వాళ్ళు కథ అల్లలేకపోయారు. ఊహాశక్తి లేదని అల్జీర్సు పండితులు తీర్పు చెప్పి ఉండేవాళ్ళే. బొమ్మల్లోని ఇళ్ళూ మనుషులూ అన్నీ పాశ్చాత్య జీవితానివి. ఆ ప్రపంచం వాళ్ళది కాదు, అన్నారు ఈ ఇద్దరూ. తరగతి గదిలో ఊరి పిల్లవాడి చేతికి వాడు ఎన్నడూ ఎరగని జీవితాన్ని ఇచ్చి, వాడు మాట్లాడకపోతే మొద్దు అని ముద్ర వేసే మనం, ఉపాధ్యాయులం, ఈ వ్యాసం దగ్గర కాసేపు ఆగవలసి ఉంది.

ఇంతవరకు ప్రశ్న తేలికే. రోగి బలహీనుడైనప్పుడు రోగి పక్షాన నిలబడాలనడానికి ప్రగతివాదులెవరూ సందేహించరు. అయితే రోగి పీడకుడైతే?

1954లో అల్జీరియా యుద్ధం మొదలైంది. చిత్రహింసలకు గురైనవాళ్ళూ, చిత్రహింసలు పెట్టినవాళ్ళూ ఒకే వైద్యుడి దగ్గరికి వచ్చారు. ఫానన్ తన చివరి గ్రంథంలో అటువంటి రోగుల వృత్తాంతాలు రాశాడు. ఒక పోలీసు చెవుల్లో కేకలు వినబడుతున్నాయని వచ్చాడు. అతను ఒకనాడు ఆసుపత్రి ఆవరణలో తాను హింసించిన మనిషినే ఎదుర్కొని వణికిపోయాడు. ఆ మనిషి, పోలీసు తనకోసమే వచ్చాడనుకుని ప్రాణం తీసుకోబోయాడు. మరొక ఇన్‌స్పెక్టరు ఇంట్లో భార్యాబిడ్డలను కొట్టడం మొదలుపెట్టాడు. అతను ఉద్యోగం మానడానికి సిద్ధంగా లేడు. మనసు పీకకుండా, నిబ్బరంగా తన పని తాను చేసుకునేటట్టు వైద్యం చెయ్యమని అడిగాడు.

రోగి కోరినది ఇవ్వడమే వైద్యమైతే ఆ ఇన్‌స్పెక్టరుకు మందు ఇవ్వవలసిందే. ఈనాటి ప్రకటనల్లో రోగికి ‘వినియోగదారుడు’ అని పేరు పెట్టినవారి తర్కం ఇక్కడికే తీసుకుపోతుంది. కాని ఆ గదిలో మూడో మనిషి ఉన్నాడు. కుర్చీకి కట్టేసిన ఖైదీ. అతను కంటికి కనబడకపోయినా ఈ రోగంలో భాగం. అంతకన్నా ముఖ్యం, ఇన్‌స్పెక్టరులో ఇంకా ఆరోగ్యంగా మిగిలి ఉన్నది మనసు పీకే ఆ ఒక్క చోటే. దాన్ని మందుతో మొద్దుబారిస్తే నయం చేసినట్టు కాదు, మిగిలిన మనిషిని కూడా చంపినట్టు.

ఇక్కడ ఒక ఆక్షేపణ వస్తుంది. రోగి కోరికను కాదని, అతనిలో ఏది ఆరోగ్యమో వైద్యుడే నిర్ణయించవచ్చునంటే, ఆ అధికారానికి హద్దు ఎక్కడ? ఈ ఆక్షేపణను మనం తప్పించుకోకూడదు. ఎందుకంటే హద్దు చెరిపేసిన చరిత్ర మన పక్షంలోనే ఉంది. సోవియట్ యూనియన్‌లో ప్రభుత్వాన్ని విమర్శించినవారికి మతిభ్రమణమని పేరు పెట్టి ఆసుపత్రుల్లో బంధించారు. జనరల్ గ్రిగొరెంకో అలా బందీ అయినవాడు. ఆయనకు పిచ్చి లేదని 1971లో నివేదిక రాసిన యువ మనోవైద్యుడు సెమ్యోన్ గ్లూజ్‌మన్‌కు 1972లో ఏడేళ్ళ శిబిర శిక్ష పడింది. అంతర్జాతీయ విమర్శకు జవాబు చెప్పలేక 1983లో సోవియట్ మనోవైద్య సంఘం ప్రపంచ సంఘం నుంచి తప్పుకున్నది. సమసమాజంలో అసంతృప్తికి కారణం ఉండదు కాబట్టి అసంతృప్తుడు రోగి అయి ఉండాలన్న వాదం, అల్జీర్సు పండితుల వాదానికి సొంత తమ్ముడు. దీన్ని శత్రువుల ప్రచారమని తోసిపుచ్చే హక్కు మనకు లేదు.

అందుచేత రెండు పనుల్ని వేరుచేసి చూడాలి: నిరాకరించడం, రుద్దడం. ఫలానా పనికి నా విద్యను ఉపయోగించను అని వైద్యుడు అనవచ్చు, అనాలి. రోగి మాట స్థానంలో తన మాటను పెట్టే హక్కు మాత్రం అతనికి లేదు. ఆ తన మాట ఎంత విప్లవకరమైనదైనా సరే. మనిషి తన పరిసరాల్లో పరాయివాడు కాకుండా చెయ్యడం మనోవైద్యం పని అయితే, సొంత దేశంలోనే పరాయివాళ్ళుగా బతుకుతున్న ప్రజలకు ఈ ప్రభుత్వం కింద వైద్యం చెయ్యలేనని 1956లో ఫానన్ రాజీనామా ఇచ్చాడు. 1957 జనవరిలో ఆయన్ని దేశం నుంచి బహిష్కరించారు. గ్లూజ్‌మన్ తప్పుడు రోగ నిర్ణయానికి తలవంచలేదు. ఎదిరించిన ప్రభుత్వాలు వేరు, చేసిన పని ఒకటే.

రాజీనామాతో ఫానన్ వైద్యం మానలేదన్నది గుర్తుంచుకోవాలి. విప్లవం వస్తే రోగాలన్నీ వాటంతటవే పోతాయని ఆయన నమ్మలేదు. ట్యూనిస్‌లో 1958లో పగటి ఆసుపత్రి నెలకొల్పాడు. రోగులు ఉదయం వచ్చి సాయంత్రం ఇళ్ళకు పోయేవారు. మందులూ విద్యుత్ చికిత్సా అక్కడా ఉన్నాయి. తాళాలు మాత్రం లేవు. 1961 డిసెంబరులో 36 ఏళ్ళకే రక్తపు కాన్సరుతో ఆయన చనిపోయాడు.

ఆ దశాబ్దంలోనే మన అమృత్‌సర్‌లో డాక్టరు విద్యాసాగర్ రోగుల కుటుంబాలను పిలిచి ఆసుపత్రి ఆవరణలో గుడారాలు వేయించి, వాళ్ళను వైద్యంలో భాగస్వాముల్ని చేశాడు. ఆ మార్గాన మనం ఎంత దూరం పోయామో 2001 ఆగస్టు 6న తమిళనాడు ఎర్వాడిలో తేలింది. గొలుసులతో కట్టివేసి ఉన్న 28 మంది మంటల్లో పారిపోలేక చనిపోయారు. వాళ్ళను అక్కడ వదిలిపెట్టి వెళ్ళినవి కుటుంబాలే. కుటుంబం గుడారమూ కాగలదు, గొలుసూ కాగలదు. 2017 మానసిక ఆరోగ్య చట్టం గొలుసును నిషేధించింది. తనకు ఏ చికిత్స కావాలో, ఏది వద్దో మనిషి ముందుగానే రాసిపెట్టుకునే హక్కు ఇచ్చింది. మంచి చట్టమే. అయితే లక్ష జనాభాకు ఒక్క మనోవైద్యుడైనా లేని దేశంలో ఆ కాగితం చదివేవాడెవడు? కూలిపని మానుకుని జిల్లా ఆసుపత్రికి వచ్చిన తల్లి మాట వినడానికి వైద్యుడికి పట్టుమని ఐదు నిమిషాలు దొరక్కపోతే రోగి దేనికి కేంద్రం?

కనుక ప్రభుత్వాసుపత్రిలో పడకలకోసం, వైద్యులకోసం, రోగి భాష తెలిసిన సిబ్బందికోసం పోరాడడం దయాధర్మం కాదు, రాజకీయమే. ఆ పోరాటంలో ఉన్నవాళ్ళు తమకు తాము వేసుకోవలసిన ప్రశ్న కూడా ఒకటున్నది: మనం ఎవరి పక్షాన మాట్లాడుతున్నామో, వాళ్ళు మనకు నచ్చని మాట చెప్పినప్పుడు కూడా వినగలమా? పత్రిక పంచితే రోగులు మౌనంగా లేచిపోయినప్పుడు ఫానన్ వాళ్ళ చైతన్యాన్ని తప్పు పట్టలేదు, పత్రికను తప్పు పట్టాడు. ఆ మౌనంలో ఉన్న విమర్శను వినడం వైద్యులకెంత అవసరమో, ప్రజల పేరిట రాసే మనకూ అంతే అవసరం.