వ్రేలిముద్ర చాలునా?



ఆ మధ్య పరిగి దగ్గరి తండానుండి వచ్చిన ఒక తల్లి నాయెదుట ఒక కాగితము విప్పి, "అయ్యగారూ, ఇందుల ఏమున్నదో జర చదివి చెప్పుండ్రి" అని అడిగెను. అది పదునైదేండ్ల ఆమె కుమార్తె రక్తపరీక్షకు సంబంధించిన అంగీకారపత్రము. అంతయు ఇంగ్లీషు. క్రింద ఆమె వ్రేలిముద్ర అప్పటికే పడియున్నది. "ఈడ వెయ్యమన్నరు, వేసిన" అనెను. దీనిని అంగీకారమనవచ్చునా?

పరీక్ష మంచిదే. తలసేమియా, సికిల్ సెల్ వ్యాధులు తల్లిదండ్రుల జన్యువుల వలన బిడ్డలకు వచ్చును. వాహకులు సాధారణముగా ఆరోగ్యముగానే యుందురు. అయితే భార్యాభర్తలిద్దరును వాహకులైనయెడల ప్రతి కాన్పులో బిడ్డకు వ్యాధి వచ్చుటకు నాలుగింట ఒక వంతు అవకాశము కలదు. మేనరికములున్న మన ప్రాంతములో ముందుగా తెలిసికొనుట మేలు.

మేలైన పనియే గనుక అడుగకుండ చేయవచ్చునని కొందరందురు. 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికలకు గర్భాశయముఖ క్యాన్సరును నివారించు టీకా వేసిరి. అది జన్యుపరీక్ష కాదు, టీకాను నేను నిందించుటయు లేదు. అయితే తల్లిదండ్రులకు మారుగా హాస్టలు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు రెండు వేలకు మించిన పత్రములపై సంతకము చేసిరని విచారణలో తేలెను. 2010 ఏప్రిల్‌లో ఆ కార్యక్రమము నిలిపివేయబడెను. కాగితములు నిండెను గాని నమ్మకము పోయెను.

గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూచుకొనవలెనని లూకా 14వ అధ్యాయములో మన ప్రభువు బోధించెను. అర్థముకాని భాషలో పత్రమిచ్చినయెడల ఆ తల్లి దేనిని లెక్కించును? గర్భస్థ పరీక్షలను గూర్చిన 1994 చట్టము ఈ ధర్మమును గుర్తించినది. దాని ప్రకారము కలుగగల హానిని వివరింపవలెను, స్త్రీకి తెలిసిన భాషలో వ్రాతమూలకముగా సమ్మతి పొందవలెను, ప్రతిని ఆమెకే ఇయ్యవలెను. ఇతర పరీక్షలకు మాత్రము ఈ న్యాయము వద్దా?

పల్లెవారికి ఇవి అర్థము కావనుట సరికాదు. కంది విత్తనమును ఏరి దాచుకొనువారికి నాలుగింట ఒక వంతు తెలియదా? ఓపికగా చెప్పువాడే కరవు.

నేను పత్రము చదివి వినిపించితిని. ఆమె ఒక్క మాట అడిగెను: "రేపు పిల్ల సంబంధానికి ఇది అడ్డమొస్తదా? ఎవరెవరికి తెలుస్తది?" దానికి ఆ పత్రములో జవాబు లేదు. బిడ్డ రక్తము తల్లిదండ్రులను గూర్చియు, మేనమామను గూర్చియు మాటలాడును. వారెవరును ముద్ర వేయలేదు. ఆ చిన్నదానిని సహితము ఎవరును అడుగలేదు.

"తిరిగి పోయి ఆ మాటే అడుగుము, బిడ్డను వెంట తీసికొనిపొమ్ము. వద్దనుటకు నీకు హక్కు కలదు" అని చెప్పితిని. ఆమె వెళ్లి అడిగెను. ఫలితమును తల్లీబిడ్డలకే చెప్పుదుమని మాట తీసికొని, బిడ్డ ఒప్పుకొనిన పిమ్మట పరీక్ష చేయించెను.

మన సంఘములోని చదువుకొనిన యౌవనులారా, పొరుగువారి కాగితములు చదివిపెట్టుడి. అయితే వారి బదులు మీరు నిర్ణయింపకుడి. వ్రేలు వారిదైనట్లే మనస్సును వారిదే.